ఆరేళ్లలోపు పిల్లలకు ఇంట్లోనే ఆటల చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాపను ప్లే స్కూల్లో గానీ నర్సరీలో గానీ వేయలేదు. హైదరాబాద్ నిజాంపేటలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలిసినప్పటి నుంచి లిఫ్ట్‌లో, కూరగాయల బండి దగ్గర, పుట్టినరోజు ఫంక్షన్లలో అడుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవన్నీ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ వయసు పిల్లల కోసం ఇంటిని బడిగా మార్చక్కర్లేదు. ఇల్లు ఇల్లులాగే ఉండాలి. పిల్లలు చేసే పనిని ఆసక్తిగా గమనించే పెద్దవాళ్లు ఒకరు దగ్గర ఉండాలి. మిగతాదంతా దాని తర్వాతే.

హోమ్‌స్కూలింగ్ అంటే ఎల్‌కేజీ పుస్తకాలు కొని ఇంట్లో చెప్పడమేనా?

కాదు. అలా చేస్తే బడిలో ఉండే ఇబ్బందులన్నీ ఇంటికొస్తాయి, బడిలో దొరికే స్నేహితులు మాత్రం దొరకరు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా తీసుకుంది. ఆ దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అయితే, ఆరేళ్లలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టవద్దని చెప్పింది. ఆటలు, కథలు, పాటలు, చేతిపనులు, మాటలు, ఇవే ఆ వయసు చదువు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన 'జాదుయీ పిటారా' కిట్‌లో కూడా బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల్లాంటివే ఉన్నాయి. అంటే మనం చేస్తున్నది వింత పనేమీ కాదు. కాకపోతే మన చుట్టూ ఉన్న చాలా ప్రైవేటు బళ్లలో నాలుగేళ్ల పిల్లలు ఇంకా చూచిరాతలు రాస్తున్నారు కాబట్టి మనదే వింతగా కనిపిస్తుంది.

చట్టం ఒప్పుకుంటుందా? ఎవరైనా వచ్చి అడుగుతారా?

ఆరేళ్లు నిండేవరకు బడిలో చేర్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఆరు దాటాక సంగతి కొంచెం వేరు. ఆ చట్టంలో హోమ్‌స్కూలింగ్ ప్రస్తావనే లేదు. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది గానీ, చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇదీ శిక్ష అని చట్టంలో ఎక్కడా రాయలేదు. అందుకే ఆరు తర్వాత కూడా ఇంట్లోనే ఉంచాలనుకునేవాళ్లు ఈ రెండు విషయాలూ తెలుసుకుని నిర్ణయించుకోవాలి. వాళ్లకు తర్వాత్తర్వాత జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఉంది, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. పదో తరగతి పరీక్ష వాటి ద్వారా రాయవచ్చు. దానికి కనీసం 14 ఏళ్లు ఉండాలి.

నర్సరీ, కేజీ చదవకపోతే ఒకటో తరగతిలో సీటు దొరుకుతుందా?

ఈ ప్రశ్న దగ్గరే అందరికీ టెన్షన్. ప్రభుత్వ బడిలో అయితే ఆ చిక్కే లేదు. ఇక ప్రైవేటు బళ్ల సంగతి. చేర్చుకునేముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా కొన్నిచోట్ల 'ఇంటరాక్షన్' అని పేరు మార్చి కూర్చోబెడతారు. మీకు నచ్చిన రెండు మూడు బళ్లకు ఏడాది ముందే వెళ్లి, కేజీ సర్టిఫికెట్ అడుగుతారా అని నేరుగా కనుక్కోండి. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్ సిద్ధంగా పెట్టుకోండి. ఇంకో మాట, తెలంగాణ 2018 చట్టం ప్రకారం ఇక్కడి బళ్లలో తెలుగు నేర్పడం తప్పనిసరి. ఇంట్లో తెలుగు బాగా విని, మాట్లాడి వెళ్లిన పిల్లలకు ఆ సబ్జెక్టు బరువనిపించదు.

రోజుకు ఎన్ని గంటలు? టైమ్‌టేబుల్ ఉండాలా?

గంటలు లెక్కపెట్టకండి. నిద్ర, తిండి, బయట ఆట, ఈ మూడూ రోజూ ఇంచుమించు ఒకే వేళకు జరిగితే చాలు. మిగతా సమయం పిల్లలదే. మీరు పూర్తిగా వాళ్లతో కూర్చునే సమయం పొద్దున ఓ అరగంట, సాయంత్రం ఓ అరగంట ఉన్నా మంచిదే. కాకపోతే ఆ అరగంటలో ఫోన్ పక్కగదిలో ఉండాలి.

ఏ బొమ్మలు కొనాలి?

తక్కువ కొనండి. బటన్ నొక్కితే పాడి, వెలిగి, పరిగెత్తే బొమ్మతో పిల్లలకు చేయడానికి పనేమీ మిగలదు, చూడటమే మిగులుతుంది. చెక్క ముక్కలు, ఒక బంతి, లక్కపిడతలు, ఒక గుడ్డబొమ్మ, సుద్దముక్కలు, నాలుగు రంగులు చాలు. వీటితో ఈ రోజు ఇల్లు కట్టొచ్చు, రేపు హోటల్ పెట్టొచ్చు.

ఏటికొప్పాక లక్కబొమ్మలు నాకు చాలా ఇష్టం. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో కలిపిన రంగులు అద్దుతారు. ఎక్కడా పదునైన అంచు ఉండదు, బొంగరాలైతే చిన్న చేతులకు చక్కగా ఇముడుతాయి. మన నిర్మల్ బొమ్మల్లో పొనికి చెక్కతో చేసిన పండ్లు, జంతువులు దొరుకుతాయి. అవి తేలికగా, కాస్త సున్నితంగా ఉంటాయి కాబట్టి విసిరి ఆడుకునే వయసు దాటాక ఇవ్వండి. శిల్పారామంలో, గోల్కొండ హస్తకళల షోరూముల్లో వెతకండి. లక్కపిడతలు, స్టీలు బుల్లి గిన్నెలు కావాలంటే బేగంబజార్ వెళ్లండి.

ప్లాస్టిక్ బొమ్మ కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసిన బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, అందుకని ఏటికొప్పాక బొమ్మ మీద గుర్తు లేదని కంగారుపడకండి.

ఏమీ కొనకుండా ఇంట్లో వస్తువులతోనే నడుస్తుందా?

నడుస్తుంది, అదీ బ్రహ్మాండంగా. వంటింట్లో కింది అర ఒకటి పిల్లలకు వదిలేయండి. గిన్నెలు, మూతలు, గరిటెలు, జల్లెడ, చిన్న చేట. ఏ మూత ఏ గిన్నెకు సరిపోతుందో వెతకడం పెద్ద పజిల్. బట్టల క్లిప్పులను తాడుకు పెట్టి తీస్తుంటే వేళ్లకు బలం వస్తుంది. పోస్టులో వచ్చిన అట్టపెట్టెల్ని పారేయకండి. ఒకదాంట్లో పిల్లలు దూరతారు, రెండింటిని కలిపితే మెట్రో రైలవుతుంది.

పిండి ముద్ద చేసి పెట్టండి. రెండు గ్లాసుల గోధుమపిండి, అర గ్లాసు ఉప్పు, చెంచా నూనె, చపాతీ పిండికి పట్టినన్ని నీళ్లు. పసుపు వేస్తే పసుపు రంగు, బీట్‌రూట్ రసం కలిపితే గులాబీ రంగు. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులు వాడుకోవచ్చు. పాములు, లడ్డూలు, వినాయకుడి తొండం, అన్నీ దాంతోనే. తింటే ఉప్పగా ఉంటుంది కాబట్టి రెండోసారి నోట్లో పెట్టరు, అయినా ఒక కన్నేసి ఉంచండి.

నీళ్లాటకు ఒక బకెట్, రెండు మగ్గులు, ఒక గరాటు, రెండు సైజుల గ్లాసులు చాలు. చిన్న గ్లాసుతో ఎన్నిసార్లు పోస్తే పెద్ద గ్లాసు నిండుతుందో వాళ్లే కనిపెడతారు. ఎండాకాలం వస్తే మా వైపు ట్యాంకర్లే గతి. అందుకని ఆ నీళ్లను చివర్లో మా పాప చేతే కుండీల్లో పోయిస్తాను.

చిక్కుడుకాయలు ఒలిపించడం, బట్టలు మడతపెట్టించడం చదువెలా అవుతుంది? అది ఇంటిపని చేయించడమే కదా?

1907లో రోమ్‌లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన పిల్లల బడిలో గుండీలు పెట్టుకోవడం, నీళ్లు ఒంపడం, ఊడ్వడం వంటివి ముఖ్యమైన పనులు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. చిక్కుడుకాయ ఈనె తెగకుండా చివరిదాకా లాగడానికి ఎంత ఓపిక, ఎంత వేళ్ల నేర్పు కావాలో మీరే ఒకసారి గమనించండి. పనిభారం పడకూడదు, అంతే. వాళ్లు లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, మిగిలినవి మీరు ఒలుచుకోండి.

లెక్కలు ఆటలతో ఎలా వస్తాయి?

ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలోనే కొందరిని 'ఏడు టమాటాలు ఇలా ఇవ్వు' అని అడిగితే తడబడతారు. అంకెలు వరసగా చెప్పడం వేరు, ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చొప్పున లెక్కపెట్టడం వేరు. ఈ రెండోది నేర్పడానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నది వామనగుంటల పీట. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, గుంటకు అయిదేసి చింతగింజలు. కొన్ని ఇళ్లలో నాలుగేసి వేస్తారు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి.

మొదట్లో మా పాప పిడికిలి విప్పగానే రెండు మూడు గింజలు ఒకే గుంటలో జారిపడేవి. చెయ్యి ఖాళీ అయ్యాక, తను అనుకున్న గుంటదాకా రాలేదని చూసుకునేది. వెనక్కి వెళ్లి ఏ గుంటలో ఎక్కువ పడ్డాయో తనే వెతికేది. నేను నోరు మెదిపేదాన్ని కాదు. రాన్రానూ ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టి, గుంట మీద చెయ్యి ఆపి, గింజ చెక్కకు తగిలిన చప్పుడు విన్నాకే పక్క గుంటకు వెళ్లడం మొదలుపెట్టింది. పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన పట్టు కూడా అదే.

పీట లేకపోతే ముప్ఫై గుడ్ల అట్ట ట్రేలోంచి రెండు వరసలు కత్తిరించండి. ఆరేసి గుంటలొస్తాయి, చిన్నపిల్లలకు అవి చాలు.

నాలుగున్నర, ఐదేళ్లకు అష్టాచెమ్మా మొదలుపెట్టవచ్చు. నేల మీద సుద్దముక్కతో అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు గీయండి. గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. పడిన గవ్వల్ని లెక్కపెట్టకుండా చూపుతోనే 'మూడు' అనగలగడం, అన్ని గళ్లే కదలడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడిపోతే మళ్లీ ఆడదామనడం, ఇన్ని ఉన్నాయి ఆ ఒక్క ఆటలో. చివరిది అన్నిటికన్నా కష్టం. కావాలని మీరు ప్రతిసారీ ఓడిపోకండి, పిల్లలకు తెలిసిపోతుంది.

రోజువారీ పనుల్లోనూ లెక్కలు ఉన్నాయి. భోజనానికి కంచాలు పెట్టమనండి, తాత ఊరెళ్లిన రోజు ఒకటి తగ్గుతుంది. రైతుబజారులో కాటా మీద ఒక్కో వంకాయా పడుతుంటే అంకెలు మారడం చూపించండి. బతుకమ్మ పేర్చేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, ఒక వరస బంతి, పైకి పోయేకొద్దీ చిన్నదయ్యే గుండ్రాలు. తర్వాత ఏ పువ్వు రావాలో వాళ్లే అందిస్తారు. వర్క్‌షీట్లలో 'నమూనాను పూర్తి చేయండి' అని ఇచ్చేది ఇదే, పూల వాసన లేకుండా.

తెలుగు అక్షరాలు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంగ్లిష్ వెనకబడదా?

అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని రాయిస్తాం. బాసర వెళ్లి చేయించుకుని వచ్చి, మర్నాడే పెన్సిలూ నాలుగు గీతల పుస్తకమూ చేతికిచ్చేస్తాం. ఆ బియ్యం పళ్లేన్ని ఇంకో ఏడాది అలాగే ఉంచండి అంటాను. బొంబాయి రవ్వ, ముగ్గుపిండి, తడి ఇసుక, ఏదైనా సరే. తప్పు పోతే చెరిపినట్టు కూడా కనిపించదు, పళ్లెం ఒకసారి కదిపితే చాలు.

అ ఆ ఇ ఈ వరసలోనే పోవాలని పట్టు పట్టకండి. 'అ', 'ఇ' గీయడం చిన్న వేళ్లకు కష్టం. ముందు వాళ్ల పేరులో మొదటి అక్షరం, తర్వాత గ, ర, న లాంటి తేలికైనవి. ఆ తర్వాత ఒకేలా కనిపించేవి పక్కపక్కన పెట్టండి: ప, ఫ, ష ఒక గుంపు, ద, ధ, థ ఇంకో గుంపు. తేడా ఎక్కడుందో వేలితో వాళ్లనే చూపించమనండి.

అక్షరాలకన్నా ముందు చెవి సిద్ధం కావాలి. 'కా'తో మొదలయ్యే మాటలు చెప్పుకుందామా అంటే కాకి, కాలు, కారం, కాచిగూడ అని ఆటగా సాగుతుంది. పొడుపుకథలు వేయండి. రాత్రి కథ చెప్పండి, పుస్తకం లేకుండా. నానమ్మ చిన్నప్పటి సంగతులకు మించిన కథలు లేవు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, బొమ్మలున్న పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. రోడ్డు మీద చదవడానికి సిటీ బస్సు బోర్డులున్నాయి, మెట్రో స్టేషన్ల పేర్లున్నాయి.

ఇంగ్లిష్ గురించి దిగులు వద్దు. ఒక భాషలో కారణం చెప్పడం, వాదించడం, కథ అల్లడం వచ్చిన పిల్లలకు రెండో భాష పట్టుకోవడం సులువే. మన ఊళ్లో హిందీ, ఉర్దూ ఎలాగూ కింద ఆడుకునే పిల్లల నుంచే వచ్చేస్తాయి.

మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. మాకు కుదురుతుందా?

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే కుదురుతుంది. ఎవరూ లేకపోతే, ఆఫీసు పని చేసుకుంటూ పిల్లల్నీ చూసుకోగలమని అనుకోకండి. రెంటికీ న్యాయం జరగదు. దగ్గర్లో ఆటలకే పరిమితమైన చిన్న ప్లే స్కూల్లోనో, మీ బస్తీలో బాగా నడిచే అంగన్‌వాడీలోనో పగలు ఉంచి, సాయంత్రాలు ఇక్కడ చెప్పినవి చేయండి. అందులో ఏ లోటూ లేదు.

ఫోన్, టీవీ ఎంతసేపు?

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినేటప్పుడు మాత్రం అసలు వద్దు. 'బోర్ కొడుతోంది' అన్న వెంటనే ఏదో ఒకటి చూపించేయకండి. కాసేపు గునుస్తారు, తర్వాత వాళ్లే ఒక ఆట తయారు చేసుకుంటారు.

నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పరుగులెక్కడ? స్నేహితులెక్కడ?

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజంతా కలిపి మూడు గంటల కదలిక కావాలని అదే సంస్థ చెబుతోంది. ఫ్లాట్‌లో అది జరగదు, కింద ఇంటివాళ్లు ఊరుకోరు. కాబట్టి రోజూ కిందికి దిగాల్సిందే. సెల్లార్‌లో వద్దు, బండ్లు తిరుగుతుంటాయి. కాలనీ పార్కులో సాయంత్రం అయిదింటికి వెళ్తే తొక్కుడుబిళ్లకో దాగుడుమూతలకో పిల్లలు పోగవుతారు. వేర్వేరు వయసుల పిల్లలు కలవడం మంచిది. పెద్దవాళ్ల దగ్గర ఆట నేర్చుకుంటారు, చిన్నవాళ్ల కోసం ఆగడం నేర్చుకుంటారు. పార్కు లేకపోతే నాలుగైదు కుటుంబాలు మాట్లాడుకుని వారానికి రెండు రోజులు ఒకరింట్లో కలవండి. మా దగ్గర అలాగే నడుస్తోంది.

వారానికోసారి ఎక్కడికి తీసుకెళ్లవచ్చు?

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు గంట కొట్టే వేళకు కాస్త ముందే కూర్చోండి. బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. పదకొండింటికి వెళ్తే పదకొండు దాకా లెక్కపెట్టే పని ఉంటుంది. శుక్రవారం సెలవు. జూ పార్కుకు సోమవారం సెలవు, అక్కడ ఒకేరోజు అన్నీ చూపించాలనుకోకండి, ఏనుగు దగ్గర అరగంట నిలబడతానంటే నిలబడనివ్వండి. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, పాటలూ బొమ్మలూ నేర్పుతారు, ఏ వయసు నుంచి తీసుకుంటారో అడిగి వెళ్లండి. ఏమీ లేకపోతే మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ దాకా వెళ్లి రండి.

బంధువులు 'పిల్లను పాడుచేస్తున్నావు' అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదించకండి, పని అప్పజెప్పండి. మా అత్తమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "అత్తమ్మా, మీకొచ్చినన్ని పొడుపుకథలు నాకు రావు, రోజూ మీరే చెప్పండి" అన్నాను. ఇప్పుడు మధ్యాహ్నం ఆ గంట ఆవిడదే, నన్ను కూడా లోపలికి రానివ్వరు.

నేర్చుకుంటున్నారో లేదో తెలిసేదెలా?

పరీక్ష పెట్టకండి. ఒక నోటుబుక్‌లో తేదీ వేసి, వారానికి రెండు మూడు వాక్యాలు రాయండి: ఏం అడిగింది, ఏం కట్టింది, ఏ కొత్త మాట వాడింది. మూడు నెలల తర్వాత తిరగేస్తే మీకే కనిపిస్తుంది.

అయితే కొన్ని విషయాల్లో ఆగకూడదు. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి మాట్లాడకపోవడం, పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం లాంటివి కనిపిస్తే, పెరిగితే అదే సర్దుకుంటుందని వదిలేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. చెవి పరీక్ష కూడా చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు అక్కడ పరీక్షలు, శిక్షణ ఉన్నాయి. బడిలో టీచరు గమనించి చెప్పే అవకాశం మన పిల్లలకు లేదు కాబట్టి ఈ కాపలా మనమే కాయాలి.

ఇంటి వస్తువులతో ఆటంటే ప్రమాదం కాదా?

కొన్ని కచ్చితంగా ప్రమాదమే. మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే చింతగింజలు, గవ్వలు, పూసలు, గోళీలు వాళ్లకు అందకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పల్లీలు, శనగలు కూడా అంతే. రిమోట్లలో, పాటలు పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. చిన్న అయస్కాంతాలూ అంతే ప్రమాదం. నీళ్లాట జరుగుతున్నంతసేపు పెద్దవాళ్లు కదలకూడదు, ఆట అయ్యాక బకెట్ బోర్లించాలి. బాల్కనీ గోడ దగ్గర కుర్చీలు, కుండీలు, అట్టపెట్టెలు ఉంచకండి. ఇద్దరు పిల్లలుంటే పెద్దపిల్లల గింజల ఆట చిన్నపిల్లలు పడుకున్నాకే పెట్టుకోండి, ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. ఒక్కటి తగ్గినా మంచం కింద వెతికి తీయండి.